ఆరేదాకా ఎత్తొద్దు

ఆ గదికి కిటికీ లేదు. ఉన్నదల్లా ముందువైపు ఒక ఇనుప షట్టర్, వెనక గోడకు బాగా పైన జానెడు వెంటిలేటర్. మేడమెట్ల కింద ఒకప్పుడు స్కూటర్లు పెట్టుకోవడానికి కట్టిన గది అది. అన్నదమ్ములిద్దరూ దాన్ని వడ్రంగం గదిగా మార్చి పద్నాలుగేళ్లు దాటింది. అన్నను వీధంతా పెద్దమేస్త్రి అనేది. తమ్ముణ్ణి మాత్రం చిన్నోడనే అనేది. నలభై నిండినా, చెవుల పక్కన జుట్టు నెరిసినా చిన్నోడు చిన్నోడే. పెద్దమేస్త్రి పోయి ఏడాదైనా ఆ పిలుపు మారలేదు.

షట్టర్‌ది ఒక పెంకి గుణం. పైన స్ప్రింగు ఎప్పుడో తెగిపోయింది. దించాలంటే చిటికెన వేలు చాలు. ఎత్తాలంటే మాత్రం ఇద్దరు పట్టి తీరాలి; అన్నదమ్ములు లోపలొకరు, బయటొకరు ఉండి ఎత్తేవాళ్లు. బాగు చేయిద్దామని చిన్నోడు పదిసార్లయినా అని ఉంటాడు. "మనం ఇద్దరం ఉన్నాంగా, ఇంకేం?" అనేవాడు అన్న. ఊళ్లోవాళ్ల తలుపులన్నీ సరిచేసే మనిషికి సొంత షట్టర్ సంగతి ఎప్పుడు పట్టింది కనక!

వాళ్ల అసలు పని స్పీకర్ పెట్టెలు చెయ్యడం. ప్లైవుడ్డుతో పెట్టె కట్టి, దానిమీద వెనీర్ అతికించి, పాలిష్ పెట్టి ఇచ్చేవాళ్లు. వెనీర్ అంటే మంచి కలపను కాగితమంత పల్చగా కోసిన పొర. పెట్టెకూ పొరకూ రెండింటికీ రబ్బరు జిగురు పూసి, వేలికి అంటనంతగా ఆరనిచ్చి, అప్పుడు ముట్టించాలి. ముట్టిందా, అంతే! దేవుడు దిగొచ్చినా మళ్లీ ఊడదు. అందుకే మధ్యలో పాత న్యూస్‌పేపర్లు పరిచి, అంచులు కుదిరాక ఒక్కొక్క కాగితమే లాగేస్తారు.

అతికించాక కొట్టి చూస్తారు. సరిగ్గా అతుక్కున్నచోట టక్‌మంటుంది. లోపల గాలి చిక్కుకుంటే డబ్‌మని డొల్లగా పలుకుతుంది. చిన్నోడు గోటితో కొట్టేవాడు. అన్నది వేలి కణుపు. ఒక్కోచోట మూడు దెబ్బలు కొట్టి ఆగేవాడు. మళ్లీ పక్కన మూడు.

పాలిష్ రోజైనా, జిగురు రోజైనా అన్నది ఒకటే చట్టం. ఆరేదాకా షట్టర్ ఎత్తొద్దు. వీధిలో దుమ్మంతా వచ్చి తడి పాలిష్ మీదో జిగురు మీదో కూర్చుంటే పది రోజుల పని బూడిదలో పోసినట్టే. ఫ్యాను వెయ్యొద్దు. థిన్నర్ ఆవిరికి నిప్పురవ్వ తగిలితే కొంప మునుగుతుంది కాబట్టి స్విచ్చి ముట్టుకోవద్దు, ఫోన్లు బయటే పెట్టాలి. లోపలున్నవాడు షట్టర్ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొడితేనే బయటివాడు చెయ్యి వెయ్యాలి. అన్న ఈ చట్టాన్ని ఎంత గట్టిగా పట్టేవాడంటే, ఒకసారి కట్టుకున్న పెళ్లామే కాఫీ తెచ్చి పిలిస్తే గంటసేపు బయటే నిలబెట్టాడు.

ఆ చట్టమే అతన్ని చంపింది.

కిందటేడు సరిగ్గా ఇలాంటి మధ్యాహ్నమే. సొంతింటి కోసం అన్న ఒక జత పెట్టెలు మొదలుపెట్టాడు. మొదటిది పూర్తయింది. రెండోదానికి ఒక పక్క జిగురు పూసి, లోపల ఒక్కడే ఉన్నాడు. చిన్నోడు బయట స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. లోపలినుంచి మూడు దెబ్బలు వినిపించాయి. ఆగి, మళ్లీ మూడు. మళ్లీ మూడు... ఎంతసేపటికీ ఆగవే!

"ఏంటన్నా, ఇవాళ అంతా డొల్లేనా?" అని నవ్వాడు కూడా.

ఇంకో మూడు వినిపించాయి. తర్వాత రెండే. తర్వాత ఏమీ లేదు. చిన్నోడు టీ పూర్తిచేశాడు.

సాయంత్రం నలుగురూ కలిసి షట్టర్ ఎత్తితే, అన్న రెండో పెట్టెకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. ఆవిరి తలకెక్కి కాళ్లు పడిపోయాయన్నారు, గొంతు కూడా పెగిలి ఉండదన్నారు. వీపున చొక్కా పెట్టెకు అతుక్కుపోతే కత్తిరించి తీశారు. "నువ్వెక్కడున్నావు చిన్నా?" అని వదిన ఏడుస్తూ అడిగింది. టీ కొట్టు దగ్గర, అన్నాడు చిన్నోడు. ఆ ఒక్క మాట ఏడాదిగా అతని గొంతులో వెలక్కాయలా ఉండిపోయింది. ఎవరు తలుపు కొట్టినా ఉలిక్కిపడేవాడు. అడగకపోయినా "నేను టీ కొట్టు దగ్గరున్నానుగా" అని చెప్పేవాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే అదే.

"ఒక్క పెట్టెలో పాట సగమే వినపడుతోంది చిన్నా," అంది వదిన పోయిన వారం. "పాడేవాళ్లుంటే వాయించేవాళ్లుండరు. ఆయన మొదలుపెట్టింది నువ్వు పూర్తి చెయ్యి. నీకు తప్ప నాకెవరు చేసిపెడతారు?"

కాదనడానికి అతనికి నోరేదీ?

* * *

మబ్బు పట్టిన మధ్యాహ్నం. రంగు పోల్చి చూసుకోవడానికి మొదటి పెట్టెను కూడా మేడమీది ఇంట్లోంచి కిందికి తెచ్చి షట్టర్ పక్కన పెట్టాడు. రెండోది వెనక గోడ దగ్గర ఉంది. ఏడాదిగా దానిమీద కప్పిన గుడ్డ తియ్యలేదు ఎవరూ.

గుడ్డ తీశాడు. ఎడమ పక్కన పాత జిగురు నల్లబడి ఉంది. అందులో నీలం దారపు పోగులు. అన్న చొక్కావి.

పద్ధతి ప్రకారం ఆ పక్కను చెక్క కనపడేదాకా గీకాలి. చిన్నోడు ఉలి పట్టుకున్నాడు, నాలుగుసార్లు గీకాడు. ఇక చూడలేకపోయాడు. పైన కొత్త జిగురు పూసేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు. పని తెలిసినవాడు ఎవడూ చెయ్యని తప్పది. పనితనం లేక కాదు, ధైర్యం లేక చేశాడు.

"నేనిక్కడే కూర్చుంటాలే, అయ్యాక కొట్టు," అంది బయట వదిన. తన ఫోను ఆమె చేతికిచ్చి, లైటు వేసుకుని, చిన్నోడు షట్టర్ దించాడు. దాని కింద సందులో తడి గోనెపట్టా కుక్కాడు. వెంటిలేటర్‌లో కాగితాలు ముందే కుక్కి ఉన్నాయి.

జిగురు వాసన ముక్కులో ఘాటుగా, కొంచెం తియ్యగా దిగింది. ఎడమ పక్కకు పొర అతికించాడు. కాగితాలు లాగి, రోలరుతో నొక్కాడు. కుడి పక్కకు జిగురు పూసి ఆరబెట్టాడు. ఆరేలోపు ఎడమ పక్క చూద్దామని గోటితో కొట్టాడు.

టక్. టక్. టక్. డబ్.

సరిగ్గా మధ్యలో, మనిషి వీపంత మేర డొల్ల.

బ్లేడుతో చిన్న గాటు పెట్టి గాలి తీసి, రోలరుతో బలంగా నొక్కాడు. మళ్లీ కొట్టాడు. అక్కడ టక్‌మంది. ఆ పక్కన డబ్‌మంది. అక్కడ నొక్కితే ఇంకో పక్కకు జరిగింది. డొల్ల జరగడమేమిటి? చెమట తుడుచుకుని ఇంకోసారి కొట్టాడు. మూడు.

చెయ్యి తీసేశాడు.

పెట్టె లోపలినుంచి మూడు వినిపించాయి.

చిన్నగా. వేలి కణుపుతో కొట్టినట్టు.

అప్పుడే బయట వాన మొదలైంది. షట్టర్ పైనున్న రేకు మీద కంకర కుమ్మరించినట్టు చప్పుడు. మరుక్షణం లైటు పోయింది.

చిన్నోడు తడుముకుంటూ షట్టర్ దగ్గరికి పరిగెత్తి అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు.

"వదినా! ఎత్తు!"

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. డాబా మీద బట్టలున్నాయని వదిన మేడెక్కినట్టుంది. మళ్లీ కొట్టాడు. అరిచాడు. రెండు చేతులూ వేసి ఎత్తబోయాడు. షట్టర్ అరంగుళం లేచి, మొండిగా కిందికి జారింది. ఇంకోసారి ప్రయత్నించాడు. నడుము కలుక్కుమంది గానీ అది కదల్లేదు. కాలితో గోనెపట్టా లాగేస్తే వేలు దూరేంత సందు కనిపించింది. దాంట్లోంచి గాలికి బదులు వాననీళ్లు వచ్చాయి.

వెనక చీకట్లో... మూడు. ఆగి... మూడు.

"ఎవరూ?" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా ఉంది.

వెంటిలేటర్‌లో కాగితాలు పీకితే గాలైనా వస్తుంది, అరిస్తే ఎవరికైనా వినపడుతుంది. స్టూలు బయటుండిపోయింది. ఎక్కడానికి ఉన్నది ఆ పెట్టే. కళ్లు మూసుకుని రెండో పెట్టె మీదికెక్కాడు. చీకట్లో కళ్లు మూసుకుంటే ఏంటి, తెరిస్తే ఏంటి! వేళ్లు కాగితాలకు తగులుతూ ఉండగా, పాదాల కింద పెట్టె పైచెక్కను ఎవరో లోపలినుంచి తట్టారు.

మడమ జారింది. పడుతూ పడుతూ గోడకున్న సామాన్ల పలకను పట్టుకున్నాడు. పలకతోపాటు జిగురు డబ్బా వచ్చి వీపున బోర్లా పడింది. తల నేలకు కొట్టుకుంది.

ఎంతసేపు అలా పడి ఉన్నాడో తెలియదు. తెలివొచ్చేసరికి గదినిండా ఆవిరి. కళ్లు మండుతున్నాయి. నాలుక మొద్దుబారింది. చీలమండ బెణికి కాలు నిలవడం లేదు. వీపున చొక్కా మీద జిగురు వేలికి అంటనంతగా ఆరింది. ఆ సంగతి అతనికి తట్టలేదు. పాక్కుంటూ వెళ్లి, ఊపిరి తీసుకుందామని దేనికో జేరగిలబడ్డాడు.

ముందుకు వంగబోతే వీపు రాలేదు.

అది పెట్టె కుడి పక్క. తానే జిగురు పూసి, ఆరబెట్టిన పక్క.

రెండింటికీ పూసి, ఆరనిచ్చి, ముట్టించాలి. ముట్టిందా, అంతే.

బొత్తాలు విప్పబోయాడు. వేళ్లు మాట వినడం లేదు. "వదినా..." అన్నాడు. గొంతులోంచి గాలి వచ్చింది గానీ మాట రాలేదు. అప్పుడు అతనికి భయం కంటే ముందు సిగ్గు కలిగింది. అన్న ఇలాగే కూర్చున్నాడు. ఇదే పెట్టెకు. ఇలాగే పిలిచి ఉంటాడు, ముందు నన్నే పిలిచి ఉంటాడు అనుకున్నాడు.

వీపు వెనక... వెన్నుపూస మీద... మూడు.

చెక్క అవతలే. వేలికీ వీపుకీ మధ్య ఆ ప్లైవుడ్డు మందమే ఉంది.

వాన తగ్గింది. బయట చెప్పుల టపటప వినిపించింది. స్టూలు కిర్రుమంది. వదిన!

అరవలేడు. లేవలేడు. షట్టర్ పది అడుగుల దూరంలో ఉంది. చెయ్యి ఒక్కటే కదులుతోంది. పిడికిలి వెనక్కి తిప్పి, వేలి కణుపులతో పెట్టెను కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఊపిరి కోసం ఆగాడు. మళ్లీ మూడు.

కొడుతుండగానే అర్థమైంది. ఆ రోజు అన్న మూడేసి కొట్టి ఎందుకు ఆగాడో తెలిసింది. మూడు కొట్టేసరికి ఊపిరి అయిపోతుంది.

"అయ్యో, ఇంకా అవలేదా?" అంది బయటినుంచి వదిన, ఎప్పటిలాగే చల్లగా. "నిదానంగా చూసుకో చిన్నా. ఆరేదాకా ఎత్తనులే."

చిన్నోడి కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి. కొట్టాడు. మూడు... ఇంకో మూడు...

"ఇవాళ అన్నీ డొల్లలే ఉన్నట్టున్నాయి!" అని వదిన నవ్వింది.

తర్వాత రెండే కొట్టగలిగాడు.

తర్వాత చెయ్యి ఒళ్లో పడిపోయింది. "అన్నా," అనుకున్నాడు లోపల్లోపల. "విన్నాను అన్నా. నువ్వు కొట్టిందంతా విన్నాను. పని చేసుకుంటున్నావనుకున్నా... తర్వాత చెప్పడానికి భయమేసింది."

వీపు వెనక చప్పుడు ఆగింది.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత వీపు వెనక మళ్లీ మొదలైంది. దాంతోపాటే ఎదురుగా, పది అడుగుల అవతల, షట్టర్ పక్కనున్న మొదటి పెట్టెలోంచి కూడా. రెండూ ఒకేసారి. మూడు. మూడు. మూడు. గదంతా ఆ చప్పుడే.

బయట స్టూలు దబ్బున పడిన శబ్దం.

"చిన్నా? లోపల ఇంకెవరున్నారు? చిన్నా!" వదిన గొంతు మారిపోయింది. "ఓ టీ బాబాయ్! ఒక్కసారి రా బాబాయ్, షట్టర్ పట్టు!"

* * *

టీ కొట్టాయన చిన్నోడి చొక్కా బొత్తాలు తెంపి, అతణ్ణి చంకల కింద పట్టి మెట్ల దాకా ఈడ్చుకొచ్చాడు. వదిలిన షట్టర్ దానంతటదే దడాలున పడింది. "ఆటో తెస్తానమ్మా, గాలి తగలనివ్వు," అంటూ ఆయన పరిగెత్తాడు.

వాన వెలిసి ఎండొచ్చింది. వీధిలో నీళ్లు మెరుస్తున్నాయి. చిన్నోడు కక్కుకుని, దగ్గి, గుండెనిండా గాలి పీల్చుకున్నాడు. వదిన కొంగుతో అతని మొహం తుడిచింది.

"నువ్వే కొట్టి చూసుకుంటున్నావనుకున్నా నాయనా. ఆ మూలా ఈ మూలా ఒకేసారి వినిపించేసరికి... ఒక్క మనిషి రెండు చోట్ల ఎలా కొడతాడు?" ఆగింది. గొంతు తగ్గించి అడిగింది. "ఆ రెండోది ఎవరు కొట్టారు చిన్నా?"

చిన్నోడు ఆమె మొహంలోకి చూడలేదు.

"ఆ రోజు నేను టీ కొట్టు దగ్గర లేను వదినా."

చీర కొంగు అతని చెంప దగ్గరే ఆగిపోయింది.

"ఈ స్టూలు మీదే ఉన్నా. అన్న కొట్టాడు. మూడేసి... చాలాసేపు కొట్టాడు. విన్నాను. నేనూ అలాగే అనుకున్నా. నేనూ నవ్వాను."

వదిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తిట్టలేదు. ఏడవలేదు. ఏడాదిగా ఆమె ఈ మనిషికి అన్నం పెట్టింది, ఈ మనిషి భుజం మీదే ఏడ్చింది. పడిపోయిన స్టూలునే చూస్తూ కూర్చుంది. ఆ కాసేపట్లోనే ఆమె చాలా దూరం వెళ్లిపోయినట్టు అనిపించింది అతనికి. లోపల చచ్చిపోయినా బాగుండేదనుకున్నాడు.

అప్పుడు వినిపించింది.

వేలి కణుపు చప్పుడు కాదు. చెక్క మీద కాదు. షట్టర్ మీద, లోపలివైపునుంచి, అరచేత్తో కొట్టినట్టు రెండు దెబ్బలు. ఇనుప రేకు వణికి, పైనున్న వాననీళ్లు జలజలా రాలాయి.

వీధిలో ఎవరూ లేరు. ఆటో ఇంకా రాలేదు.

"ఎత్తు," అంది వదిన గుసగుసగా. ఆమె లేవలేదు.

"వదినా..."

"పిలుస్తున్నాడుగా. ఈసారన్నా ఎత్తు చిన్నా."

చిన్నోడు కుంటుకుంటూ లేచాడు. ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో షట్టర్ కింద అంచు అందుకున్నాడు. ఒక్క చేత్తో, అదీ ఈ ఒంటితో, అది లేవదని అతనికి తెలుసు. పద్నాలుగేళ్లుగా తెలుసు. తెలిసే పైకి లాగాడు.

షట్టర్ తేలిగ్గా లేచింది. ఎప్పటిలాగే, లోపలినుంచి కూడా ఎవరో ఎత్తుతున్నట్టు.